పాత మారుతి 800 ఐడిల్‌లో వణుకుతుంటే స్క్రూ తిప్పకండి, ముందు గాలి ఎక్కడ దూరుతోందో చూడండి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీది గుంటూరు. బండి 1997 మోడల్ మారుతి 800, కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఇంజను, ఏసీ ఉంది. సిగ్నల్ దగ్గర ఆగి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను తిరుగుతూ ఉంటే, స్టీరింగు, సీటు, అద్దాలు అన్నీ వణుకుతాయి. ఒక్కోసారి ఇంజను ఆగిపోతుంది. రోడ్డెక్కి నలభై దాటాక ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు మార్చారు, కార్బరేటర్ రెండుసార్లు విప్పి కడిగారు, గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ తిప్పారు, చివరికి ఐడిల్ వేగం మార్చే స్లో స్క్రూ బిగించి రేస్ (ఇంజను వేగం) పెంచి పంపేశారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం పొల్యూషన్ టెస్టుకు వెళ్తే సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 2,100 పీపీఎం, అంటే పది లక్షల్లో 2,100 వంతులు, వచ్చి ఫెయిలయింది. సీవో ఇంత తక్కువ ఉందంటే ఇంజను బాగున్నట్టే కదా అని అడిగారు.

ఆ పొల్యూషన్ చీటీని పారేయకండి. ఇద్దరు మెకానిక్‌లు చెప్పలేనిది ఆ రెండు అంకెలు చెబుతున్నాయి.

పెట్రోలు ఎక్కువై, గాలి చాలక అరకొరగా కాలితే సీవో పెరుగుతుంది. మీకు 0.3 వచ్చిందంటే పెట్రోలు ఎక్కువవడం లేదు. హెచ్‌సీ అంటే అసలు కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటికొచ్చిన పెట్రోలు. మీ బండి వయసువాటికి సీవో 3 శాతం, హెచ్‌సీ 1,500 పీపీఎం దాకా అనుమతి ఉంది. మీది ఒకదాంట్లో హద్దుకు చాలా కింద ఉంది, ఇంకోదాంట్లో బాగా పైకి పోయింది. ఈ జోడీ కనిపిస్తే ముందుగా రెండు విషయాలు అనుమానించాలి. ఏదో సిలిండర్‌లో నిప్పు సరిగా పడకపోవడం ఒకటి, మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు అంటుకోకుండా పోవడం ఇంకొకటి. ప్లగ్గులు, వైర్లు కొత్తవి, స్పీడులో మిస్సింగ్ (నిప్పు తప్పడం) లేదు అంటున్నారు. కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే. మీ ఇంజను కార్బరేటర్ దాటాక ఎక్కడో బయటి గాలి లాగుతోంది.

మరి స్పీడులో ఎందుకు తెలియడం లేదు? కొబ్బరిబోండం తాగేటప్పుడు స్ట్రాకు చిన్న చీలిక ఉందనుకోండి. మెల్లగా పీలిస్తే నీళ్లకంటే గాలే ఎక్కువ వస్తుంది. ఐడిల్‌లో జరిగేదీ అంతే. గాలి దారిని మూసి తెరిచే త్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది, దాని వెనక, సిలిండర్లకు గాలి పంచే గొట్టమైన మానిఫోల్డ్‌లో పీలుపు చాలా బలంగా ఉంటుంది, ఇంజనుకు ఆ సమయంలో కావలసిన గాలి మాత్రం చాలా తక్కువ. అప్పుడు పెన్సిల్ ములుకంత కన్నం నుంచి వచ్చే గాలి కూడా మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ప్లేటు తెరుచుకుని పీలుపు తగ్గుతుంది, కార్బరేటర్ గుండా బోలెడంత గాలి, దానికి తగ్గ పెట్రోలు పోతాయి. అదే కన్నం అప్పుడు లెక్కలోకి రాదు. అందుకే ఐడిల్‌లో వణికి, తొక్కితే సర్దుకునే బండిని చూస్తే నేను ప్లగ్గుల జోలికి వెళ్లను, ముందు పైపుల దగ్గరికి వెళ్తాను. తొక్కినా మిస్సింగ్ పోకపోతే దారి వేరు. అక్కడ కాయిల్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, వాల్వులు చూడాలి.

వెతకడం మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి, చక్రాలకు అడ్డం పెట్టండి, ఆరుబయట చేయండి. 800లో రేడియేటర్ ఫ్యాను కరెంటుది. వేడెక్కితే చెప్పాపెట్టకుండా తిరగడం మొదలుపెడుతుంది. చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా వద్దు. కొందరు అగరుబత్తి పొగ పెట్టి లీకు వెతుకుతారు, కొందరు పెట్రోలు చిమ్మి చూస్తారు. రెండూ దయచేసి చేయకండి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పు పెట్టడం, వేడి ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు చల్లడం బండికీ మనిషికీ ప్రమాదం. నేను మామూలుగా వాడేది మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసా.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజను బాగా వేడెక్కనివ్వండి. ఐడిల్‌లో వణుకుతుండగా చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచేది) నాబ్‌ను మెల్లగా, ఒక పిసరు మాత్రమే లాగండి. వణుకు తగ్గి ఇంజను నున్నగా తిరిగితే, దానికి పెట్రోలు చాలడం లేదని, అంటే గాలి ఎక్కువైందని అర్థం. గునిసి ఆగిపోబోతే పెట్రోలే ఎక్కువవుతోందని. ఎక్కువ లాగితే చోక్ లింకు త్రాటిల్‌ను కూడా కొంచెం తెరిచి రేస్ పెంచుతుంది, అప్పుడు ఈ పరీక్షకు విలువ ఉండదు. అందుకే పిసరు చాలు. మీ చీటీ చూశాక మొదటిదే జరుగుతుందని అనుకుంటున్నాను.

గాలి ఎక్కువైందని తేలినా అది లీకే కానక్కర్లేదు. ఐడిల్‌కు పెట్రోలు పోసే సన్న రంధ్రం, అంటే ఐడిల్ జెట్టు, మూసుకుపోయినా ఇవే లక్షణాలు. అందుకని కార్బరేటర్ మీద ఉండే చిన్న సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) చూడండి, దానికి ఒక వైరు వస్తుంది. ఇంజను స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ వైరు పీకి మళ్లీ పెడితే టిక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే ఐడిల్‌కు పెట్రోలు వెళ్లే దారే తెరుచుకోవడం లేదు. రెండుసార్లు కార్బరేటర్ విప్పిన బండిలో ఈ వైరు వదులైపోవడం నేను చాలాసార్లు చూశాను. మళ్లీ కార్బరేటర్ విప్పమనే ముందు ఈ టిక్ వినండి.

ఇప్పుడు లీకు వెతకడం. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు పెట్రోలు బండ్ల మీదే పనిచేశాను. అక్కడ నేర్చుకున్న వరుస ఒకటుంది: మెత్తటి రబ్బరు ముందు, అతుకుల మధ్య ఉండే గట్టి ప్యాకింగ్ తర్వాత, లోహం చివర. పాడయ్యే వరుస కూడా అదే.

రబ్బరు పైపులను కళ్లతో చూసి వదిలేయకండి, ప్రతిదాన్నీ వేళ్లతో వంచి చూడండి. పైకి నల్లగా నిగనిగలాడే పైపు, నాజిల్‌కు తొడిగిన చోట అడుగువైపు చీలి ఉంటుంది. మనం నిలబడేది పైన కాబట్టి చీలిక కనిపించదు. ఒక డాక్టరుగారి 800 మీ బండిలాగే మూడు నెలలు షెడ్లు తిరిగి మా దగ్గరికొచ్చింది. అప్పటికే కాయిల్, ప్లగ్గులు, కార్బరేటర్ కిట్టు, పెట్రోలు పంపు మార్చేశారు. స్ప్రే కొడితే ఏమీ తేలలేదు. చివరికి మూరెడు రబ్బరు గొట్టం ఒక చివర చెవికి పెట్టుకుని, రెండో చివరతో మానిఫోల్డ్ చుట్టూ అంగుళం అంగుళం వెతికాను. వెనకవైపు, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ) నీడలో ఒకచోట సన్నగా, కుక్కర్ విజిల్ రాబోయే ముందు వచ్చే ఆవిరి చప్పుడులాంటిది వినిపించింది. వేలు పెడితే వేలు అతుక్కుంది, ఇంజను ఒక్కసారిగా సర్దుకుంది. తీసి చూస్తే, వాడకంలో లేని నాజిల్‌కు తొడిగిన వేలి గోరంత రబ్బరు టోపీ. పైభాగం బాగానే ఉంది, అడుగున నిలువునా పగిలింది. మూడు నెలల తిప్పలన్నీ ఆ చిన్న టోపీ వల్లే. ఆ రోజు నుంచి నేను ప్రతి టోపీనీ పీకి, వేళ్ల మధ్య నొక్కి చూసి కానీ తిరిగి పెట్టను.

ఆ గొట్టంతో వినడం మీరూ ఇంట్లో చేయొచ్చు. ఆల్టర్నేటర్ బెల్టుకు మాత్రం దూరంగా ఉండండి. తర్వాత ఒక్కో పైపునూ ఒక్కో క్షణం ముక్కుప్లయర్‌తో, మధ్యలో గుడ్డ పెట్టి నొక్కండి. ఏ పైపు నొక్కితే వణుకు తగ్గుతుందో లీకు ఆ దారిలో ఉంది. హెడ్ కవర్ నుంచి వచ్చే బ్రీథర్ పైపు, దానిలో పీసీవీ వాల్వు (ఇంజను లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు పంపేది) ఉంటే అదీ చూడండి. వాల్వు బయటికి తీసి ఊపితే లోపల గలగలమనాలి. బ్రేక్ బూస్టర్ (పీలుపుతో బ్రేకుకు బలమిచ్చే డబ్బా) ఉన్న బండైతే దానికి వెళ్లే లావు పైపును కూడా నొక్కండి. నొక్కగానే ఇంజను నున్నబడితే బూస్టర్ లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు. అలా తేలితే దాన్ని వాయిదా వేయకండి, అది బ్రేకుల సంగతి.

మీకు ఏసీ ఉందన్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూడాలి. ఏసీ వేసినప్పుడు రేస్ పడిపోకుండా కార్బరేటర్ దగ్గర ఒక చిన్న డయాఫ్రం త్రాటిల్‌ను కాస్త నెడుతుంది. అది పనిచేసేది మానిఫోల్డ్ పీలుపుతోనే, సన్న పైపు, చిన్న వాల్వు దాని దారి. ఏసీ వేయగానే వణుకు బాగా పెరిగితే ఆ పైపును తప్పకుండా చూడండి. మా అనుభవంలో ఏసీ గ్యాస్ పని చేసేటప్పుడు ఈ పైపు తప్పించి, తిరిగి పెట్టడం మర్చిపోయిన బండ్లు తక్కువేం కాదు.

డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రంగా ఉండి, పీలుపును బట్టి నిప్పు పడే సమయాన్ని ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్‌కు ఒక పాత పరీక్ష ఉంది. ఇంజను ఆపి, దాని పైపు కార్బరేటర్ వైపు తీసి, చివర తుడిచి, నోటితో గట్టిగా పీల్చి నాలుక అడ్డం పెట్టండి. నాలుక అతుక్కుని అలాగే ఉంటే డయాఫ్రం మంచిది. వదిలేస్తే చిరిగింది. అయితే చాలా కార్బరేటర్లలో ఈ పైపు త్రాటిల్ ప్లేటుకు పైన ఉండే రంధ్రం నుంచి వస్తుంది, ఐడిల్‌లో అక్కడ పీలుపు ఉండదు. కాబట్టి ఇది చిరిగితే ముందు దెబ్బతినేది పికప్, మైలేజీ. ఐడిల్ వణుకుకు దీన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టకండి.

పైపులన్నీ బాగుంటే కార్బరేటర్ అడుగుకు రండి. కార్బరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య వేడి పైకి ఎక్కకుండా మందమైన ఫైబర్ ప్యాకింగ్ ఉంటుంది. మీ బండికి కార్బరేటర్ రెండుసార్లు విప్పారు. పాత ప్యాకింగే మళ్లీ పెట్టారా, కొత్తది వేశారా అడిగి తెలుసుకోండి. నా అనుమానాల్లో మొదటి స్థానం దీనికే. వణుకు కార్బరేటర్ విప్పాక పెరిగిందో తగ్గిందో మాత్రం మీరు రాయలేదు. విప్పాకే పెరిగి ఉంటే ఇంక వేరేచోట వెతకక్కర్లేదు. నీళ్ల స్ప్రేతో ఆ అతుకు చుట్టూ సన్నగా కొట్టండి. డిస్ట్రిబ్యూటర్, కాయిల్ మీద నీళ్లు పడకుండా గుడ్డ కప్పండి. లీకు ఉన్నచోట నీళ్లు క్షణంపాటు కన్నాన్ని మూస్తాయి, ఇంజను చప్పుడు మారుతుంది. మూడు సిలిండర్లకూ గాలి వెళ్లే మానిఫోల్డ్, హెడ్డుకు కలిసే అతుకు దగ్గరా ఇలాగే చేయండి.

ఇక్కడ ప్లగ్గులు సాక్ష్యం చెబుతాయి. మూడూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టండి. మూడూ సుద్దలా తెల్లగా ఉంటే లీకు అన్ని సిలిండర్లకూ ఉమ్మడి చోట ఉంది, అంటే కార్బరేటర్ అడుగు గానీ పైపులు గానీ. ఒక్కటే తెల్లగా ఉండి మిగతా రెండూ లేత గోధుమరంగులో ఉంటే, ఆ సిలిండర్ దగ్గరి మానిఫోల్డ్ ప్యాకింగ్ చూడాలి.

ప్యాకింగ్ మార్చేటప్పుడు ఒక మాట. నట్లు బలమంతా పెట్టి బిగిస్తే కార్బరేటర్ అడుగు వంకరపోతుంది, తర్వాత ఎన్ని కొత్త ప్యాకింగ్‌లు వేసినా ఆగదు. స్టీలు స్కేలు అంచు ఆనించి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడమనండి. కనిపిస్తే మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి మెల్లగా రుద్ది చదును చేయాలి. లీకు ఆపడానికి ప్యాకింగ్‌కు రెండువైపులా పేస్టు దట్టిస్తామంటే ఒప్పుకోకండి. పెట్రోలు తగిలి ఆ పేస్టు ముక్కలై లోపలికి పోతుంది.

లోహం వంతు చివర. ఇరవై ఎనిమిదేళ్ల కార్బరేటర్‌లో త్రాటిల్ షాఫ్ట్ రంధ్రాలు అరిగి ఉండటం సహజం. ఇంజను ఆపి షాఫ్ట్‌ను వేళ్లతో పైకీ కిందికీ కదపండి. టకటకమని ఆడితే, ఇంజను తిరుగుతున్నప్పుడు అక్కడ నీళ్లు కొట్టి చూడండి. చప్పుడు మారితే గాలి అక్కడి నుంచే. దీనికి కిట్టు పనికిరాదు. లేత్ దగ్గర రంధ్రం పెద్దది చేసి ఇత్తడి బుష్ వేయించాలి. ఆటోనగర్‌లో ఈ పని నేర్పుగా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, గుంటూరు నుంచి మీకు పెద్ద దూరం కాదు.

వీలైతే ఒక వ్యాక్యూమ్ గేజి కొనండి, లేదా గేజి ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. త్రాటిల్ కింద మానిఫోల్డ్ నాజిల్‌కు తగిలిస్తే, ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడిల్‌లో 17 నుంచి 22 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు కదలకుండా చూపిస్తుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. గుంటూరులో ఆ తేడా ఉండదు, హైదరాబాదులో అయితే అంగుళంన్నర పైచిలుకు తక్కువ చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. ముల్లు 12, 13 దగ్గర స్థిరంగా నిలబడిపోతే గాలి లీకు గానీ ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పు పడే సమయం) వెనకబడటం గానీ. ఒకే లయలో మాటిమాటికీ పడి లేస్తుంటే ఒక సిలిండర్ సరిగా పనిచేయడం లేదు, కాలిన వాల్వు కావొచ్చు. ఐడిల్‌లో గడగడ వణికి, రేస్ పెంచితే నిలకడపడితే వాల్వు గైడ్లు అరిగాయి. మీ బండికి రేస్ పెంచి పంపారు కాబట్టి ఐడిల్ మామూలుగా ఉండాల్సిన నిమిషానికి 900 చుట్ల దరిదాపులకు దించి చూస్తేనే ఈ అంకెలకు అర్థం ఉంటుంది.

గేజి దొరక్కపోతే సైలెన్సర్ చివర ఒక కాగితం ముక్క పట్టుకోండి. పొగ దెబ్బకు కాగితం బయటికే కొట్టుకోవాలి. మధ్యమధ్యలో లోపలికి లాక్కుపోయి అతుక్కుంటుంటే అది ఎగ్జాస్ట్ వాల్వు సంగతి కావొచ్చు. అప్పుడు లీకుల వేట ఆపి కంప్రెషన్ చూపించండి. మూడు సిలిండర్ల ఒత్తిడి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ దాటకూడదు.

మూడు సిలిండర్ల ఇంజనుకు పుట్టుకతోనే కొంత ఊగు ఉంటుంది, దాన్ని మింగేది ఇంజను మౌంటింగ్ రబ్బర్లు. సైలెన్సర్ చప్పుడు సమంగా, ఎక్కడా తప్పకుండా వస్తూ బండి మాత్రమే అదురుతుంటే మౌంటింగ్ మార్చండి. మీ విషయంలో ఇంజను ఆగిపోతోంది, హెచ్‌సీ పెరిగింది. కాబట్టి మౌంటింగ్‌లు పాతబడి ఉన్నా అసలు జబ్బు అది కాదు.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. 2023లో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. శుద్ధమైన పెట్రోలు కేజీ కాలడానికి 14.7 కేజీల గాలి కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. కంప్యూటర్ ఉన్న బండి ఆ తేడాను సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత జెట్టుతో పాత లెక్కలోనే పోస్తుంది. అంటే మీ ఇంజను లీకు లేకపోయినా కొంచెం గాలి ఎక్కువ వైపే ఉంటుంది, లీకు తోడైతే అంటుకోకుండా పోతుంది. పాత రబ్బరు కూడా ఈ పెట్రోలుకు ఉబ్బి, మెత్తబడి, పగులుతుంది. పీలుపు పైపులు మార్చేటప్పుడు పెట్రోలు పైపులు కూడా ఇథనాల్ తట్టుకునేవి అడిగి వేయించండి. బానెట్ కింద పెట్రోలు కారడం వణుకుకంటే చాలా పెద్ద ప్రమాదం, ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

లీకు దొరికి, మూసి, ఇంజను వేడెక్కాకే స్క్రూల వంతు. ఇప్పటివరకు లీకును కప్పిపుచ్చడానికి వాటిని తిప్పారు కాబట్టి లీకు పోగానే రేస్ ఎక్కడికో పోతుంది, భయపడకండి. తిప్పే ముందు మిక్స్చర్ స్క్రూ పూర్తిగా మూయడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. మూసేటప్పుడు మెల్లగా ఆనించాలి, బిగిస్తే సూది మొన పాడవుతుంది. రెండు చుట్లు తెరిచి స్టార్ట్ చేసి, రేస్ అన్నిటికంటే ఎక్కువగా నున్నగా ఉండే చోటు పట్టుకోండి. తర్వాత స్లో స్క్రూతో 900కి దించి, మిక్స్చర్ మళ్లీ సరిచూడండి. రెండు మూడుసార్లు అటూ ఇటూ పోతే కుదురుతుంది. మిక్స్చర్ స్క్రూ పూర్తిగా మూస్తే ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే గాలో పెట్రోలో ఇంకా పక్కదారిన పోతోంది, మళ్లీ వెతకాలి.

చివరి సర్దుబాటు పొల్యూషన్ సెంటర్‌లోనే చేయించుకోండి. మిషన్ పైపు సైలెన్సర్‌లో పెట్టి ఉండగా మెకానిక్ స్క్రూను పావు చుట్టు చొప్పున కదిపితే అంకెలు కళ్ల ముందే మారతాయి. సీవో 1 నుంచి 2 శాతం మధ్య నిలిపి హెచ్‌సీ ఎంతకు దిగిందో చూడండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజను మీద, తర్వాత ఏసీ వేసి ఓసారి సిగ్నల్ దగ్గర ఆగి చూసుకోండి. కొత్త చీటీలో వచ్చిన అంకెలూ, పాత ప్యాకింగే పెట్టారా లేదా అన్నదీ రాయండి.